బడిలోనే కనిపించే అక్షరాలు

2022 ఫిబ్రవరి 1న తమిళనాడులో బడులు మళ్ళీ తెరుచుకున్నాయి. ఈ రెండేళ్ళలో ‘మళ్ళీ’ అన్న మాట ఎన్నిసార్లు వాడామో లెక్కలేదు. 2020 జూన్ 19 నుంచి చెన్నైలో కిరాణా కొట్లు ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2 వరకే. 2021 మే 24 నుంచి అవి కూడా మూత, కూరగాయల బండి వీధిలోకి వస్తేనే వంట. మధ్యలో ఈ-పాస్, రాత్రి కర్ఫ్యూ, ఆదివారం లాక్‌డౌన్. ఇవాళ్టి రూలు వచ్చే వారం ఉండదు. పెద్దవాళ్ళం ఎలాగో నెట్టుకొచ్చాం. రోజుకూలీల కష్టం వేరు, అది ఇక్కడ రెండు మాటల్లో తేలేది కాదు.

బడుల సంగతే చూద్దాం. 2021 జనవరిలో 10, 12 తరగతులను పిలిచారు, ఫిబ్రవరిలో 9, 11. మార్చిలో 9, 10, 11 తరగతులకు మళ్ళీ మూత. సెప్టెంబరు 1న 9 నుంచి 12 వరకు తెరిచారు. చిన్న తరగతుల వంతు వచ్చింది నవంబరు 1న. అంటే 2020-21లో ఒకటో తరగతిలో చేరిన పిల్ల మొదటిసారి తరగతి గదిలో కూర్చున్నది రెండో తరగతిలో! రెండు నెలలకే, జనవరిలో, మళ్ళీ ఇంటికి.

పరీక్షలున్నవారిని ముందు పిలవడాన్ని మేము తప్పుపట్టం. అప్పుడు చిన్నపిల్లలకు టీకా లేదు, ప్రభుత్వ భయంలో అర్థముంది. కానీ ఆ వరుసలో మన పిల్లలకు జరిగిన నష్టం వేరు. బడి మూసినా తమిళ అక్షరం బస్సు బోర్డు మీద, రేషను కొట్లో, టీవీలో కనిపిస్తూనే ఉంటుంది. ఇంగ్లీషు సబ్బు కవరు మీద కూడా ఉంటుంది. కొరుక్కుపేటలోనో వ్యాసర్పాడిలోనో పెరిగే పిల్లకు తెలుగు అక్షరం బడి నల్లబల్ల మీద తప్ప ఇంకెక్కడ కనిపిస్తుంది? ఇంట్లో అవ్వతో గలగలా తెలుగే మాట్లాడుతుంది. పుస్తకం తెరిస్తే ‘మ’కూ ‘వ’కూ తేడా తెలియదు.

ఆన్‌లైన్ పాఠాలన్నారు. ఉన్న ఒక్క ఫోను నాన్నతో పనికి పోయేది. ఫోటో తీసి పంపిన హోంవర్కులో అక్క చేతిరాత ఇట్టే తెలిసిపోయేది. ఏమని కోప్పడతాం?

‘తమిళం ఎలాగూ తప్పదు, ఇంగ్లీషు కావాలి, వెనకబడ్డ తెలుగును లాగడం దేనికి?’ అని కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు. 2006 చట్టం వచ్చినప్పటినుంచీ వింటున్న ప్రశ్నే ఇది. ఇప్పుడు మాత్రం బరువు పెరిగింది. చదవడం రాని పిల్లను వచ్చే ఏడాది ఇంగ్లీషు మీడియంలో వేస్తారు. సెక్షన్‌లో సంఖ్య తగ్గుతుంది, తర్వాత టీచరు పోస్టు పోతుంది. పోయిన పోస్టు తిరిగి రావడం మేమింతవరకు చూడలేదు.

అందుకే రెండు, మూడు తరగతులకు ఈ వేసవిదాకా పోర్షన్ పరుగు ఆపాలని ప్రధానోపాధ్యాయులను కోరుతున్నాం. రోజూ ఒక గంట గుణింతాలు, చదవడం, రాయడం, అంతే. ఈ 2022లో సాయంత్రాలకు ‘ఇల్లం తేడి కల్వి’ ఉంది. ఒకటి నుంచి ఐదు వరకు చెప్పే వాలంటీరుకు ప్లస్ టూ చాలు. తెలుగు రాని వాలంటీరు తెలుగు ఎలా చెబుతారు? మన బడుల్లోనే చదివి కాలేజీకి వెళ్తున్న పిల్లలు పేరు నమోదు చేసుకుంటే, ఆ గంటా గంటన్నరలో కొంతైనా తెలుగుకు దక్కుతుంది. వారిని పేరుపేరునా అడగాల్సింది పాత టీచర్లే. ఫోను నంబర్లు బడి రిజిస్టర్లలో ఉన్నాయి.