విమానం సీరియల్ కోసం ఎదురుచూస్తూ...

ఈమధ్య మార్కాపురంలో ఒక సంఘం సమావేశం ముగిశాక మాటలు టీవీ సీరియళ్ల మీదికి మళ్లాయి. "ఎంతసేపూ అత్తాకోడళ్ల గొడవలే. విమానాల్లో పనిచేసే ఆడవాళ్ల కథ ఒక్కటన్నా తీయకూడదా మేడం?" అని అడిగింది పలకల ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామె. ఆమె ఎన్నడూ విమానం ఎక్కలేదు. ఆ రోజు నుంచి నేనూ అలాంటి సీరియల్ కోసం ఎదురుచూస్తున్నాను. పాతకాలపు విమానయానం నేపథ్యంగా మన భాషలో ఒక సీరియల్ రావాలి. వచ్చిననాడు దాన్ని ఏ ప్రశ్నలతో చూడాలో మనం ఇప్పుడే ఆలోచించుకోవాలి.

విమానం మన పశ్చిమ ప్రకాశానికి బొత్తిగా పరాయిదేం కాదు. దొనకొండలో బ్రిటిష్ వాళ్ల కాలం నాటి విమానాశ్రయ స్థలం ఉంది. ప్రయాణికుల విమానాలే దిగవు. హైదరాబాదులో దక్కన్ ఎయిర్‌వేస్ 1940లలోనే బేగంపేట నుంచి డకోటా విమానాలు నడిపింది. 1953లో జాతీయీకరణతో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. కథకు కావలసిన కాలమూ స్థలమూ మనకున్నాయి.

అమెరికాలో 2011లో 'పాన్ యామ్' అనే సీరియల్ వచ్చింది. 1960ల నాటి ఎయిర్‌హోస్టెస్‌ల కథ. నీలం యూనిఫాం, తెల్లని చేతి తొడుగులు, పారిస్, లండన్ ప్రయాణాలు కన్నులపండుగగా చూపించారు. ఉద్యోగం నిలవాలంటే ఆ అమ్మాయిలు బరువు తూయించుకోవలసి రావడాన్ని కూడా చూపించారు. అయినా చూసేవారి మనసులో మిగిలేది యూనిఫామే. ఒక్క సీజన్‌తో 2012లో అది ఆగిపోయింది. మన సీరియల్‌కూ ఈ ప్రమాదం ఉంది. అందంగా నవ్వే అమ్మాయిని చూపించి, ఆమె సంతకం పెట్టిన సర్వీసు నిబంధనలను చూపకుండా వదిలేస్తే కథలో సగం పోయినట్టే.

ఆ నిబంధనలేమిటో ఒకసారి గుర్తు చేసుకుందాం. ఎయిర్ ఇండియాలో ఎయిర్‌హోస్టెస్ 35 ఏళ్లకే రిటైర్ కావాలి. చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకుంటే ఉద్యోగం పోతుంది. మొదటిసారి గర్భం దాల్చినా పోతుంది. అదే విమానంలో పనిచేసే మగ ఉద్యోగికి 58 ఏళ్ల దాకా ఢోకా లేదు. దీనిమీద నర్గీస్ మీర్జా, ఆమె సహోద్యోగులు కోర్టుకు వెళ్లారు. 1981లో సుప్రీంకోర్టు గర్భం నిబంధనను రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. 35 దాటాక సర్వీసు పొడిగింపు మేనేజింగ్ డైరెక్టర్ ఇష్టాయిష్టాలపై ఆధారపడటాన్నీ తప్పుపట్టింది. కానీ నాలుగేళ్ల పెళ్లి నిషేధాన్ని మాత్రం సమర్థించింది. అందుకు చెప్పిన కారణాల్లో కుటుంబ నియంత్రణ కూడా ఒకటి! మగవాళ్లూ ఆడవాళ్లూ వేర్వేరు కేడర్లు కాబట్టి వయసులో తేడా వివక్ష కాదని కూడా అంది. 2003లో కూడా, స్త్రీలు 50 ఏళ్లకు విమానం దిగి నేలమీది ఉద్యోగానికి మారాలనడంలో కోర్టుకు వివక్ష కనిపించలేదు. విమానంలో సూపర్‌వైజర్ పదవి ఆడవాళ్లకు కూడా దక్కాలన్న నిర్ణయాన్ని కోర్టు ఖాయం చేసేసరికి 2011 వచ్చింది. ముప్ఫై ఏళ్ల ఈ పోరాటానికి మించిన కథ ఏ రచయితకు కావాలి?

ఇక అదే విమానంలో సీటులో కూర్చున్న మరో స్త్రీ సంగతి. గిద్దలూరు దాటి పోరుమామిళ్ల వైపు వెళితే కడప జిల్లా. ఇళ్లలో పనికి కువైట్ వెళ్లే స్త్రీలకు అది పెట్టింది పేరు. వాళ్లలో చాలామందికి అదే మొదటి విమాన ప్రయాణం. చదువు తక్కువై ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు ఉన్న స్త్రీ ఇంటిపనికి గల్ఫ్ వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలని ప్రభుత్వ నిబంధన. రక్షణ కోసమే అంటారు. అప్పులు మాత్రం ఆమె వయసు చూసి ఆగవు. దాంతో ఆమె దొంగదారి చూపే ఏజెంటు చేతిలో పడుతుంది. అప్పుడు ఆమె ఎక్కడుందో చెప్పే కాగితం కూడా ఉండదు. ట్రే అందించే స్త్రీని 35 తర్వాత వద్దన్నారు. ట్రే అందుకునే స్త్రీని 30కి ముందు రావద్దంటున్నారు. ఆమె వయసు, పెళ్లి, గర్భం గురించి నిర్ణయాలన్నీ ఇతరులవే.

పలకల ఫ్యాక్టరీ స్త్రీకి ఈ నిబంధనలు చదివి వినిపించాను. కాసేపు ఆలోచించి, "మాకు కాగితం మీద రాసి ఇయ్యరు, అంతే తేడా" అంది. కడుపుతో ఉన్నామని తెలిస్తే పనికి పిలవడం మానేస్తారని చెప్పింది. ఆమె అడిగిన సీరియల్ ఆమె కథ కూడానని నాకు అప్పుడర్థమైంది.

అందుకే ఎదురుచూడటంతో పాటు మనం అడగాలి కూడా. ఛానళ్లకు ఉత్తరాలు రాద్దాం. ఊళ్లలో పనిచేసే మిత్రులు ఈ తీర్పుల కథను సంఘాల్లో చెప్పాలి. గల్ఫ్ వెళ్లి వచ్చిన స్త్రీల అనుభవాలను, వాళ్లు ఒప్పుకుంటే, పేర్లు లేకుండా రాసి పెట్టాలి. రేపు ఎవరైనా ఈ సీరియల్ తీయడానికి పూనుకుంటే, "మా దగ్గర కథ లేదు" అనే అవకాశం వాళ్లకు మిగలకూడదు.