విమానమునకొక సాక్షి

2022 ఫిబ్రవరి 26న మన నల్లగొండ జిల్లా పెద్దవూర మండలములోని తుంగతుర్తి గ్రామ పొలములలో ఒక చిన్న శిక్షణ విమానము కూలిపోయినది. సెస్నా 152 రకమునకు చెందిన ఆ విమానమును ఒంటరిగా నడుపుచున్న శిక్షణార్థిని ప్రాణములు కోల్పోయినది. నార్కట్‌పల్లి నుండి నల్లగొండ, హాలియాల మీదుగా నాగార్జునసాగరమునకు పోవువారు ఆ మండలము దాటియే పోవలెను. ఆనాడు విద్యార్థులు మమ్ము అడిగిన మొదటి ప్రశ్న, "సార్, బ్లాక్ బాక్స్ దొరికిందా?" అని. అంత చిన్న విమానములో అది ఉండి తీరవలెనను నియమమే లేదని మేము చెప్పగా వారు నమ్మలేదు.

పేరు నల్లపెట్టె యైనను దాని రంగు నారింజ. శకలములలో తేలికగా కనబడుటకే ఆ రంగు. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు డేవిడ్ వారెన్ 1950లలో దీనికి రూపమిచ్చెను. ఆయన తండ్రి 1934లో విమాన ప్రమాదముననే మరణించెను. పెద్ద విమానములందు సాధారణముగా రెండు రికార్డర్లుండును. ఒకటి ఎత్తు, వేగము, దిశ, ఇంజనుల పనితీరు వంటివి క్షణక్షణము నమోదు చేయును. రెండవది పైలట్ల మాటలనే గాక కాక్‌పిట్‌లోని ప్రతి చప్పుడును పట్టును. స్విచ్చి మీట కదలిన శబ్దము, హెచ్చరిక గంట, ఇంజను హోరు కూడ అందుండును. ఆ హోరులోని స్వరభేదమును బట్టి ఇంజను ఎంత వేగముగా తిరుగుచుండెనో నిపుణులు లెక్కగట్టగలరు. రెండింటి కాలములను సరిపోల్చినచో గంట మ్రోగిన ఎన్ని సెకండ్లకు పైలట్ స్పందించెనో తేలును. 1,100 డిగ్రీల మంటలో గంటసేపున్నను చెడకుండునట్లు వీనిని నిర్మింతురు.

2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డి ప్రయాణించిన బెల్ 430 హెలికాప్టరు బేగంపేట నుండి చిత్తూరు జిల్లాకు బయలుదేరి నల్లమలలో పావురాలగుట్ట వద్ద కూలినది. అయిదుగురును మరణించిరి. చూచినవారు లేరు. కుట్ర యన్న పుకార్లు ఊరూర వ్యాపించినవి. త్యాగి అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘము కాక్‌పిట్ వాయిస్ రికార్డరును విన్నది. ఆయిలు పీడనమును గూర్చిన హెచ్చరికకు పరిష్కారము పుస్తకములో వెదకుచు పైలట్లు విలువైన నిమిషములు గడిపిరనియు, చివరి క్షణములందు సహపైలట్ "గో అరౌండ్" అని హెచ్చరించెననియు తెలిసినది. అయితే రికార్డరు మేఘమును చూడలేదు. వాతావరణ సమాచారముతో జోడించిన తరువాతనే, బలముగా క్రిందికి వీచు గాలిలో అది అదుపు తప్పినదని సంఘము నిర్ణయింపగలిగినది.

సాక్ష్యమును ఉర్దూలో గవాహీ అందుము. గవాహీ వేరు, తీర్పు వేరు. 2025 జూన్ 12 నాటి అహమ్మదాబాదు ప్రమాదముపై ప్రాథమిక నివేదిక వెలువడి, అందు ఇంధన స్విచ్చులను గూర్చి పైలట్ల నడుమ జరిగిన సంభాషణ నుండి రెండు మాటలు కనబడగానే దేశమున ప్రతివాడును న్యాయమూర్తి యయ్యెను. అది మాకు నచ్చలేదు. విచారణ ముగియకమునుపే పైలట్ల కుటుంబములు ఆ తీర్పును మోయవలసివచ్చినది.

ఇక పెద్దవూర మాట. రికార్డరు తప్పనిసరి యను నియమము ముఖ్యముగా 5,700 కిలోలకు మించిన విమానములకు వర్తించును. సెస్నా 152 నిండు బరువు 757 కిలోలు మాత్రమే. ఇట్టి ప్రమాదమున పరిశోధకులకు మిగులునవి వంగిన ప్రొపెల్లరు, పగిలిన మీటర్లు, రేడియోలో వినబడిన మాటలు, పొలములోని కూలీల జ్ఞాపకము. ఆ కూలీలైనను తలయెత్తి చూచునది చప్పుడు విన్న తరువాతనే గదా!

అనుభవము లేని చేతులు మొదటిసారి ఒంటరిగా ఎగురునది ఈ చిన్న విమానములందే. వాటికే సాక్షి లేకుండుట మాకు న్యాయముగా తోచలేదు. నేడు తేలికపాటి రికార్డర్లు లభించుచున్నవి. వ్యయము పెరుగునని శిక్షణ సంస్థలు అనవచ్చును. ఆ వ్యయమును శిక్షణార్థుల రుసుముపై వేయక ప్రభుత్వము కొంత భరించి, ప్రతి శిక్షణ విమానమునందును వీనిని అమర్చవలెనని మా అభిప్రాయము. బిడ్డను పోగొట్టుకొన్న తల్లిదండ్రులకు చివరి నిమిషమున ఏమి జరిగినదో తెలిసికొను హక్కు కలదు.