ఊరూరా తిరిగే ఉద్యోగం

పార్లమెంటు సమావేశాలకు విరామం దొరికినందున గత వారం కోల్‌కతా వెళ్లివచ్చాను. అక్కడ మా అన్నగారి అబ్బాయి నన్నొక ప్రశ్న అడిగాడు. గణితంలో ఎం.ఎస్సీ. చదివిన కుర్రవాడు. "బాబాయ్, చేసే పనికి అర్థం వుండాలి, దేశం చూసే అవకాశమూ వుండాలి. అటువంటి ఉద్యోగం ఏదైనా వున్నదా?" నవ్వి ఊరుకోదగిన ప్రశ్న కాదది. అతనిని వెంటబెట్టుకొని బరానగరులోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లాను. దారిలో మన కల్యంపూడి రాధాకృష్ణారావుగారి కథ చెప్పాను.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1940లో గణితం ఎం.ఏ. ముగించిన రావుగారు, సైనిక సర్వే విభాగంలో ఉద్యోగానికై కలకత్తా వచ్చారు. ఆ ఉద్యోగం రాలేదు. మహలనోబిస్ వద్ద గణాంకశాస్త్రంలో శిక్షణకు వచ్చిన యువకుడొకరు ఆయనకు బసలో తటస్థపడ్డారు. ఆ పరిచయంతో తామూ వెళ్లి చూసి, 1941 జనవరి 1న అక్కడే చేరారు. ఆ పనే 1946లో ఆయనను కేంబ్రిడ్జికి చేర్చింది. సూడాన్‌లోని జెబెల్ మోయాలో బయల్పడిన అస్థిపంజరాల కొలతలను ఆయన అక్కడ విశ్లేషించారు. పని పట్టుబడితే ప్రయాణం దానంతటదే వెంట వస్తుందనడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు. రావుగారు 2023లో, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

అందరూ రాధాకృష్ణారావులు కాలేరు, నిజమే. కాని మహలనోబిస్ చొరవతో 1950లో ఆరంభమైన జాతీయ నమూనా సర్వే వేలాదిమందికి తిరుగుడు ఉద్యోగం కల్పించింది. గడప గడపకూ వెళ్లి, ఆ ఇంట బియ్యానికెంత, నూనెకెంత, మందులకెంత అని ఓపికగా అడిగి రాసుకోవడమే వారి పని. దారిద్ర్యంపై లోక్‌సభలో ఇరుపక్షాలూ విసురుకొనే అంకెలు వారి కాలినడకన వచ్చినవే. ప్రెస్ గ్యాలరీలో కూర్చొని ఆ అంకెలు రాసుకొనే నాబోటివాళ్లకు వారి ముఖాలు తెలియవు.

వారిలో పలువురు నేటికీ ఒప్పందం మీద పనిచేసేవారే. అంతకన్న విచారకరమైనది మరొకటి వున్నది. 2017-18లో వారు ఇల్లిల్లూ తిరిగి సేకరించిన వినియోగ వ్యయ వివరాలు నాణ్యంగా లేవంటూ, 2019 నవంబరులో ప్రభుత్వం ఆ నివేదికను నిలిపివేసింది. ఫలితంగా 2011-12 తరువాత మళ్లీ 2022-23 సర్వే వెలువడేదాకా దేశం తన కంచంలో ఏమున్నదో అధికారికంగా ఎరుగదు. లోపముంటే లోపమని చెప్పి, లెక్కను నిపుణుల ముందు పెట్టడం ఉచితం. ఏడాదిపాటు ఎండలో వానలో చేసిన ప్రయాణాన్ని బీరువాలో పెట్టి తాళం వేయడం ఉచితం కాదు. ఉద్యోగానికి భద్రత, ఫలితానికి వెలుగు—ఈ రెండూ లేనినాడు ఎంత గొప్ప పనికైనా అర్థం మిగలదు.

కుర్రవాడు అంతా విని, "ఆ ఉద్యోగానికే దరఖాస్తు పెడతాను, బాబాయ్. నేను తెచ్చిన లెక్క దాచిపెట్టరు కదా?" అన్నాడు.

జవాబు చెప్పవలసింది నేను కాదు. వచ్చే సమావేశాలలో సభ చెప్పాలి.