కల్లం చిన్నదైతే ఎద్దుల్ని అమ్ముకుంటామా?

"ల్యాప్‌టాప్ నిదానించిందా? కొత్తది కొనుక్కో!" నేటి విద్యార్థికి అతి తేలిగ్గా దొరికే సలహా ఇది. ఇచ్చేవాడికి పైసా ఖర్చు లేదు. ఖర్చంతా పుచ్చుకొనేవాడి తండ్రిది. మాబోటి సేద్యపు కుటుంబాల్లో కొత్త ల్యాప్‌టాప్ అంటే ఒక పంట మీద మిగిలే డబ్బు, అదీ మిగిలితే. కనుక ఆ సలహాలో నిజమెంతో తేల్చుకోవడం సైన్సు చదివే మన కనీస ధర్మమని నా అభిప్రాయం.

అసలు యంత్రం ఎందుకు నిదానిస్తుంది? మనలో చాలామందిమి పల్లెల నుంచి వచ్చినవాళ్ళమే గనుక కల్లం భాషలోనే చెబుతాను. డిస్కు అనేది కుప్ప. పంటంతా అక్కడ భద్రంగా వుంటుంది. ర్యామ్ అనే మెమరీ కల్లం. కుప్పలోంచి పనలు దించి కల్లంలో పరిస్తేగాని నూర్పిడి సాగదు. నూర్చే ఎద్దులు ప్రాసెసర్. మరి కల్లం చిన్నదైతే ఏమవుతుంది? పరిచిన పనల్ని సగం నూర్చీ నూర్చకుండానే మళ్ళీ కుప్ప మీదికెత్తాలి. వేరేవి దించాలి. కాసేపటికి మళ్ళీ వీటిని ఎత్తి వాటిని దించాలి. పొద్దంతా మోతకే సరి. ఎద్దులు మాత్రం ఖాళీగా నిలబడి నెమరు వేసుకుంటుంటాయి. అది చూసి "ఎద్దులు ముసలివైపోయాయి, అమ్మేయండి" అనేవాణ్ణి రైతు అనగలమా?

ఇది వట్టి ఉపమానం కాదు, లెక్క. ర్యామ్‌లోంచి ఒక సంఖ్యను తెచ్చుకోవటానికి సుమారుగా సెకనులో కోటోవంతు చాలు. తిరిగే పళ్ళెం వున్న పాత హార్డుడిస్కుకు సెకనులో నూరోవంతు కావాలి. అంటే లక్ష రెట్లు తేడా! ఈమధ్య వస్తున్న ఎస్‌ఎస్‌డి డిస్కులు ఎంత మెరుగైనా అవీ ర్యామ్ కంటే వందల రెట్లు వెనకే. మెమరీ చాలని యంత్రం అడుగడుక్కీ డిస్కు దాకా నడిచి వస్తుంది. మన కంటికి కనిపించే నిదానం ఆ నడకే.

ఈ ర్యామ్ ఏదో బ్రహ్మపదార్థమూ కాదు. మనం పాఠాల్లో చదివే కెపాసిటరే అందులోనూ వుంది. ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరుతో ఒక బిట్టును దాచవచ్చునన్న ఆలోచనకు ఐబీఎం శాస్త్రవేత్త రాబర్ట్ డెన్నార్డ్‌కు 1968లో పేటెంటు వచ్చింది. 1970లో ఇంటెల్ అమ్మిన 1103 అనే చిప్పులో పట్టినవి 1,024 బిట్లు. నేటి 8 జీబీ ముక్కలో 6,871 కోట్లు! ఆ బుల్లి కెపాసిటర్లలోని ఛార్జి కారిపోతూనే వుంటుంది గనుక సెకనుకు పదిహేనుసార్లకు పైగా తిరిగి నింపుతుండాలి. కరెంటు పోతే ర్యామ్ ఖాళీ అయిపోవటానికి కారణం అదే. పరీక్షలో అయిదు మార్కుల కోసం బట్టీపట్టిన సంగతి మన సంచీలోనే పనిచేస్తుంటే, దాని మూత విప్పటానికి మనకెందుకింత భయం?

అయితే నేను "అందరూ ర్యామ్ కొనండి" అనటం లేదు. అదీ ఇంకో గుడ్డి సలహాయే. వైద్యుడు ముందు నాడి చూస్తాడు. మీరు రోజూ చేసే పనులన్నీ తెరిచిపెట్టి టాస్క్ మేనేజర్ చూడండి. మెమరీ తొంభై శాతం దగ్గర నిలిచిపోయి, డిస్కు విరామం లేకుండా తిరుగుతుంటే మీ కల్లం చిన్నదే. మెమరీ సగానికి సగం ఖాళీగా వుంటే మాత్రం ఇంకో ముక్క వేసినా దండగే. అప్పుడు పాత హార్డుడిస్కు తీసి ఎస్‌ఎస్‌డి వేయటమే ఫలితమిస్తుంది. యంత్రంలో 32 బిట్ల విండోస్ వుంటే 4 జీబీకి మించి వేసినా అది వాడుకోలేదు. ముక్క రకమూ చూసుకోవాలి. ల్యాప్‌టాప్‌లలో డీడీఆర్3కి 204 పిన్నులు, డీడీఆర్4కి 260, డీడీఆర్5కి 262. గాడి తేడాగా వుంటుంది గనుక ఒకటి ఇంకోదానిలో దిగదు. బలవంతంగా నొక్కారో, రెండూ పోతాయి!

నా ల్యాప్‌టాప్ 4 జీబీది. పట్నంలో ఒక షాపులో చూపిస్తే మూతైనా తీయకుండా "దీని పనైపోయింది బాబూ, నలభై వేలు చూసుకో" అన్నారు. మా నాన్న మారు మాట్లాడలేదు. ఆయన మనసులో ఏ అప్పు మెదిలిందో నాకు తెలుసు. తర్వాత హాస్టల్లో మా సీనియర్ అన్న, నేనూ కలిసి అయిదారు స్క్రూలు విప్పి, బ్యాటరీ తీగె ఊడదీసి చూద్దుము గదా, పక్కనే ఇంకో స్లాటు ఖాళీగా నోరు తెరుచుకొని వుంది! పాత మెషీనులోంచి తీసిన 4 జీబీ ముక్క అందులో పెట్టాం. అయిన ఖర్చు కొత్తదాని ధరలో ఇరవయ్యోవంతు కూడా లేదు. ఇప్పుడు ల్యాబ్ రికార్డూ, గ్రాఫులూ, పది పేజీల బ్రౌజరూ ఒకేసారి తెరిచినా ఆగటం లేదు. ఇందులో నా ప్రజ్ఞ ఏమీ లేదు. స్లాటు వుంది, అంతే.

అసలు సమస్య అక్కడే వుంది. ఆ స్లాటు నానాటికీ మాయమవుతున్నది. పలుచని ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్‌ను బోర్డు మీదనే టంకం వేసి అతికించేస్తున్నారు. కొన్న రోజున ఎంతో, చచ్చేదాకా అంతే. కంపెనీల వాదన పూర్తిగా అబద్ధమని నేననను. అతికించిన మెమరీ తక్కువ విద్యుత్తు తింటుంది, దారి దగ్గరవటంతో వేగంగానూ పనిచేస్తుంది, యంత్రం పలుచగా వస్తుంది. నిజమే. కాని పలుచదనమూ, మార్చుకొనే వీలూ ఒకే ఒరలో ఇమడని కత్తులేమీ కావు. తీసి వేసుకోగల పలుచని మెమరీకి క్యామ్2 పేరుతో జెడెక్ సంస్థ 2023 డిసెంబరులోనే ప్రమాణం ప్రకటించింది. దారి వుంది. నడిచే మనసే కావాలి.

ఇటు 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి ఉచిత మద్దతు ముగిసింది. పాత ప్రాసెసర్ల మీద విండోస్ 11ను కంపెనీ అనుమతించదు. అటు 2025 చివరలో కృత్రిమ మేధ కేంద్రాలకు చిప్పులు మళ్ళటంతో మెమరీ ధరలు విపరీతంగా పెరిగాయి. ఇలాంటి కాలంలో చూడకుండా పారేసేవాడూ నష్టపోతాడు, చూడకుండా కొనేవాడూ నష్టపోతాడు. పాత యంత్రంలో లైనక్స్ వేసుకొని, వున్న మెమరీనే పొదుపుగా వాడుకొనే మార్గమూ వుందని మరవకూడదు.

మా ఇళ్ళల్లో నాగలి కర్రు అరిగితే కర్రు మారుస్తాం. మోటారు కాలితే చుట్టిస్తాం. ఒక భాగం చెడిందని మొత్తం విసిరికొట్టడం మన వంశాల్లోనే లేదు. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరు 24న ప్రారంభించిన "రైట్ టు రిపేర్" పోర్టల్‌లో వ్యవసాయ పనిముట్లనూ, ఎలక్ట్రానిక్ వస్తువులనూ ఒకే వరసన చేర్చారు. ట్రాక్టరుకు వర్తించే న్యాయం ల్యాప్‌టాప్‌కెందుకు వర్తించదు? ఫ్రాన్సులో 2021 జనవరి నుంచి ల్యాప్‌టాప్ అమ్మేవాడు దాని మరమ్మతు సౌలభ్యానికి పదికి ఎన్ని మార్కులో చూపించాలి. ఇక్కడ కనీసం "ర్యామ్ మార్చవచ్చు", "మార్చరాదు" అన్న ఒక్క మాట పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేయించలేమా?

ప్రభుత్వం చేసేది ప్రభుత్వం చేస్తుంది. మనం చేయగలిగినవి రెండున్నాయి. కళాశాల ల్యాబుకు కంప్యూటర్లు కొనేటప్పుడు ఖాళీ స్లాటు వున్నవే కొనాలని మన యూనియన్ ప్రిన్సిపాల్‌గారికి విన్నవించాలి. నెలకొక శనివారం మధ్యాహ్నం ఫిజిక్సు ల్యాబులో మరమ్మతు బల్ల ఒకటి వేయాలి. స్క్రూడ్రైవర్లు, స్థావర విద్యుత్తు తగలకుండా చేతికి కట్టుకొనే పట్టీ, దగ్గరుండి చూపించే అధ్యాపకుడొకరు వుంటే చాలు. ఏ విద్యార్థి అయినా తన యంత్రం తెచ్చుకొని, మూత తీసి, జబ్బేమిటో తానే చూసుకోవాలి.

మిత్రులారా! రేపు మీలో ఎవరైనా కొత్త ల్యాప్‌టాప్ కొనబోతే రంగు తర్వాత అడగండి, బరువు తర్వాత అడగండి. మొదట అడగవలసిన ప్రశ్న ఒకటే: "ఇందులో మెమరీ స్లాటు వుందా?" లేదంటే ఇంకో షాపు మెట్లెక్కండి. మనం పదిమందిమీ ఆ ప్రశ్న అడగటం మొదలుపెడితే జవాబు చెప్పటం వాళ్ళే నేర్చుకుంటారు.