పాసయ్యాం సరే, మరి చదువో?

మమ్మల్ని ‘కరోనా బ్యాచ్’ అంటారు. 2021లో ఎస్.ఎస్.ఎల్.సి. రాసినవాళ్ళం మేము. ఆ ఏడాది పరీక్ష రెండే రెండు రోజులు. జూలై 19న లెక్కలు, సైన్సు, సోషల్ మూడూ ఒకే పూట. 22న భాషలన్నీ ఇంకో పూట. సబ్జెక్టుకు 40 మార్కులు, సరైన జవాబు ఏదో చూసి గుండ్రం నింపడమే. రాసినవాళ్ళు దాదాపు అందరూ పాస్. “మీకేమమ్మా, ఊరికే పాసైపోయారు” అన్న మాట పీయూసీ నుంచి ఈ డిగ్రీ ఆఖరి ఏడాది దాకా వింటూనే ఉన్నాం.

పాసైన మాట నిజమే. బడి మూతపడి మేం ఏం పోగొట్టుకున్నామో ఆ మార్కుల కార్డులో లేదు, అంతే. మన కోలారు జిల్లా పిల్లలు అన్నిటికన్నా ముందు పోగొట్టుకున్నది చదివే భాషనని నా అభిప్రాయం.

ముళబాగిలు, శ్రీనివాసపురం పక్క పల్లెల్లో చాలా ఇళ్ళల్లో తెలుగు, బడిలో కన్నడం. కేజీఎఫ్‌లో అయితే వీధిలో తమిళం కూడా. అమ్మానాన్నలకు కన్నడం మాట్లాడను వచ్చినా, పాఠం చదివి చెప్పేంత రాదు. పుస్తకంలోని భాష పిల్లల చెవిన పడేది మేష్టర్ల నోటి నుంచే. 2020 మార్చిలో బళ్ళు మూసేసరికి అదీ పోయింది. చందన టీవీలో హైస్కూలు పాఠాలు వేశారు, మంచిదే. కానీ “ఇంకోసారి చెప్పండి సార్” అని టీవీని అడగలేం కదా! ‘విద్యాగమ’ పేరుతో టీచర్లే పిల్లలున్న చోటికి వచ్చి చెప్పారు. అక్టోబరులో అదీ ఆగింది.

ఆన్‌లైన్ క్లాసుల సంగతి వేరే. 2001లో గనులు మూసినప్పటి నుంచీ కేజీఎఫ్‌లో ఎన్నో సంసారాలు నడిచేది బెంగళూరు రైలు మీదే. లాక్‌డౌన్‌లో రైలు ఆగింది, సంపాదనా ఆగింది. పనులు మళ్ళీ మొదలయ్యాక, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ పొద్దున్నే నాన్న జేబులో బెంగళూరు పోయేది. పదిగంటల క్లాసు పిల్లకు రాత్రి ఎనిమిదికి అందేది, అదీ డేటా మిగిలితే. పల్లెల్లో టమాటా కోతకు, పట్టుపురుగుల పనికి మనుషులు కావాలి. ఆడపిల్ల ఎటూ ఇంట్లోనే ఉందాయె. ఫోను ఖాళీగా ఉంటే తమ్ముడికి. ఇది చదివే అక్కచెల్లెళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు.

అసలు దెబ్బ మాకంటే చిన్నవాళ్ళకు తగిలింది. బడి మూసేనాటికి ఆరో తరగతి ముగిస్తున్నవాళ్ళు ఏడో తరగతి చాలావరకు ఇంట్లోనే గడిపి, 2024లో ఎస్.ఎస్.ఎల్.సి. రాశారు. అంతకుముందు ఏడాది రాష్ట్రంలో 83.89 శాతం పాసైతే, ఆ ఏడాది గ్రేస్ మార్కులు పెంచాక కూడా 73.40 శాతమే. పరీక్ష హాళ్ళలో కెమెరాలు పెట్టారు, అందుకే తగ్గింది అంటారు. అది కొంత నిజమే. మరి ఆ కెమెరాలు చూపించింది, అంతదాకా కప్పిపెట్టినదాన్నే కదా?

మా పక్కింటి అమ్మాయి ఆ ఏడాది లెక్కల్లో తప్పింది. రెండో పరీక్షకు చదువుతుంటే పక్కన కూర్చున్నాను. గుణకారాలు నోటితోనే చేసేస్తుంది. మాటల్లో ఇచ్చిన లెక్క వస్తే మాత్రం పెన్ను కదలదు. అదే ప్రశ్నను తెలుగులో చెప్పాను, నిమిషంలో చేసింది. లెక్క దానికి వచ్చు, అర్థం కానిది ప్రశ్నే. ‘లెక్కలు రాని పిల్ల’ అని దానికి పేరు పెట్టింది ఎవరు?

అప్పటి ఆరో తరగతివాళ్ళే వచ్చే ఏడాది మన కాలేజీలో ఫస్టియర్‌లో కూర్చుంటారు. వాళ్ళను ‘వీక్ స్టూడెంట్స్’ అని వెనకబెంచీకి పంపకుండా, మొదటి నెల చదవడం, రాయడం నేర్పమని మన లెక్చరర్లను కోరుతున్నాను. మనమూ ఒకటి చేయొచ్చు. తెలుగు లిపి, కన్నడ లిపి అక్కచెల్లెళ్ళు. త్రిభుజం, బీజగణితం రెండు భాషల్లోనూ ఒక్కటే. శనివారం ఒక గంట మన ఊరి హైస్కూలు పిల్లల దగ్గర కూర్చుని కన్నడ పాఠం పైకి చదివించి, అర్థం తెలుగులో చెబుదాం. తెలుగు చదువుకున్న మనం కాక ఇంకెవరు చెబుతారు?

ఈ కాగితం కింద ఖాళీ వదిలాను. వస్తామనేవాళ్ళు మీ పేరూ, ఊరూ రాయండి.