ఆన్‌లైన్‌లో 1800.. టోర్నీలో 1500! చెస్ రేటింగ్‌లో ఇంత తేడా ఎందుకు?

'మావాడి రేటింగ్ 1800 అండీ'.. ఫోన్‌లో చెస్ ఆడే పిల్లలున్న ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. ఆ ధీమాతోనే పిల్లాడిని తొలిసారి ఫిడే రేటింగ్ టోర్నీకి తీసుకెళ్తారు. తీరా అక్కడ వరుస ఓటములు. చివరికి వచ్చిన రేటింగ్ 1500. పిల్లాడు డీలా పడతాడు. ఎంట్రీ ఫీజు, ప్రయాణం, కోచింగ్ డబ్బులన్నీ వృథా అయ్యాయని తల్లిదండ్రులు తల పట్టుకుంటారు. మరి పిల్లాడి ఆట పడిపోయిందా? కానే కాదు. అసలు ఈ రెండు నంబర్లూ ఒకే కొలతవి కావు.

లెక్క కట్టే పద్ధతే వేరు

ఫిడే వాడేది ఎలో సిస్టమ్. ఫిజిక్స్ ప్రొఫెసర్ అర్పాడ్ ఎలో రూపొందించిన ఈ పద్ధతిని 1970లో ఫిడే స్వీకరించింది. చెస్.కామ్‌ది గ్లికో పద్ధతి, లీచెస్‌ది గ్లికో-2. లీచెస్‌లో అకౌంట్ తెరవగానే లెక్క 1500 దగ్గర మొదలవుతుంది. చెస్.కామ్‌లో మన స్థాయిని మనమే ఎంచుకోవచ్చు. ఫిడేలో మాత్రం ఊరికే ఏ నంబరూ రాదు. రేటింగ్ ఉన్నవాళ్లతో కనీసం 5 గేమ్‌లు ఆడాలి, లెక్క 1400కి తగ్గకూడదు.

ఇంకో ముఖ్య విషయం. రేటింగ్ అంటే మార్కులు కాదు.. పోలిక మాత్రమే. ఎలో లెక్కలో 200 పాయింట్ల తేడా ఉంటే, బలమైన ఆటగాడు 100 గేమ్‌లలో సుమారు 76 పాయింట్లు సాధిస్తాడని అంచనా. ఆ అంచనా ఒకే గుంపులో ఆడేవాళ్ల మధ్యే పనిచేస్తుంది. గల్లీ క్రికెట్ యావరేజ్‌ని రంజీ యావరేజ్‌తో పోల్చలేం కదా!

టాప్ ప్లేయర్లకీ ఇదే తేడా

క్లాసికల్‌లో మాగ్నస్ కార్ల్‌సన్ అత్యుత్తమ రేటింగ్ 2882. అది 2014లో వచ్చింది. 2900 ఇప్పటిదాకా ఎవరూ దాటలేదు. మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగైసి 2024 డిసెంబర్ జాబితాలో 2801కి చేరితే దేశమంతా సంబరపడింది. అదే ఆన్‌లైన్ బ్లిట్జ్‌లో చూస్తే అగ్రశ్రేణి ఆటగాళ్లు 3000 దాటి కనిపిస్తారు. అంటే ఆన్‌లైన్‌లో వాళ్లు బాగా ఆడేస్తున్నారని కాదు.. స్కేలే వేరు.

టైమ్ దగ్గరే అసలు మెలిక

ఆన్‌లైన్‌లో ఎక్కువగా ఆడేది 3, 5, 10 నిమిషాల గేమ్‌లు. చెస్.కామ్‌లో 10 నిమిషాల గేమ్ 'ర్యాపిడ్'. ఫిడే నిబంధనల్లో అదే గేమ్ 'బ్లిట్జ్'. ఇక క్లాసికల్ అంటే ఇంక్రిమెంట్ కలుపుకుని ఒక్కొక్కరికి కనీసం గంట. గంటల తరబడి కదలకుండా కూర్చోవాలి. ప్రతి ఎత్తూ కాగితం మీద రాయాలి. పావును ముట్టుకుంటే కదపాల్సిందే. వేలితో స్క్రీన్ మీద ఆడే అలవాటు ఇక్కడ అంతగా అక్కరకు రాదు.

ఆ టేబుళ్లను నమ్మొచ్చా?

'ఆన్‌లైన్ రేటింగ్‌లో ఇంత తీసేస్తే ఫిడే రేటింగ్' అంటూ తిరిగే లెక్కలతో జాగ్రత్త. 2024 మార్చిలో ఫిడే, 2000 లోపు ఉన్నవాళ్ల రేటింగ్‌లను ఒక్కసారిగా పెంచింది. 1500 ఉన్నవాళ్లు 1700 అయ్యారు, 1000 ఉన్నవాళ్లు 1400కి చేరారు. అంతకుముందు తయారైన టేబుళ్లన్నీ ఆ రోజుతో పాతబడిపోయాయి.

మరి ఏం చేయాలి?

గ్రాండ్‌మాస్టర్ టైటిల్‌కి 2500 రేటింగ్, మూడు నార్మ్‌లు కావాలి. ఆ 2500 ఫిడే లెక్కలోదే, ఆన్‌లైన్‌ది చెల్లదు. 'బిలో 1600' లాంటి టోర్నీల్లో ఎంట్రీకి చూసేదీ ఫిడే నంబరే. అలాగని ఫోన్ ఆట దండగ కాదు. ఓపెనింగ్స్, ఎత్తుగడలు సాధన చేయడానికి అది మంచి మైదానం. కాకపోతే టోర్నీకి ముందు ఇంట్లో బోర్డు పెట్టి, క్లాక్ పెట్టి, ఎత్తులు రాస్తూ కొన్ని పొడవాటి గేమ్‌లు ఆడించండి.

తొలి టోర్నీలో వచ్చిన 1500ని చూసి '300 పాయింట్లు పోయాయి' అనుకోవద్దు. పోయిందేమీ లేదు.. మీవాడి అసలు లెక్క అక్కడే మొదలైంది.