షేకులు మానిన తరువాత ఏమి తినాలి?

స్థూలకాయం తగ్గించుకోవడానికి భోజనం మాని, డబ్బాపొడిని నీటిలోనో పాలలోనో కలిపి త్రాగే పద్ధతి నేడు మధ్యతరగతి గృహాలలోనికి కూడా ప్రవేశించింది. రెండు మూడు మాసాలు ఓర్పుతో షేకులు త్రాగి, బరువు తగ్గగానే మరునాటి నుండే ముద్దపప్పు, ఆవకాయ, నేయితో పూర్వపు భోజనానికి కూర్చునేవారున్నారు. పోయిన బరువు తిరిగి వచ్చినప్పుడు నింద షేకు మీదనో, తలరాత మీదనో వేస్తారు. నా అభిప్రాయంలో దోషం ఆ రెంటిదీ కాదు. ద్రవాహారం నుండి ఘనాహారానికి మరలే క్రమం లేకపోవడమే అసలు దోషం.

ఈ పొడులు నిరుపయోగమని నేను అనను. బ్రిటన్‌లో జరిగి 2017లో లాన్సెట్ పత్రికలో ప్రకటితమైన డైరెక్ట్ పరిశోధనలో, మధుమేహం వచ్చి ఆరేళ్లు దాటని స్థూలకాయులకు దినానికి సుమారు 850 కేలరీల షేకులు, సూపులు 3 నుండి 5 మాసాలు ఇచ్చారు. ఏడాది ముగిసేసరికి దాదాపు సగం మందిలో మందులు లేకుండానే రక్తంలోని చక్కెర మధుమేహ స్థాయికి దిగువకు వచ్చింది. అయితే ఆ వైద్యులు షేకులను ఒక్కసారిగా మాన్పించలేదు. 2 నుండి 8 వారాల పాటు మెట్టుమెట్టుగా ఆహారాన్ని చేర్చి, ఆపై నెలనెలా సలహా ఇస్తూ వచ్చారు. మనవారు పొడిని తెచ్చుకున్నారు గాని ఈ మెట్లను తెచ్చుకోలేదు.

ఈ మెట్లు మన వైద్యానికి క్రొత్తవి కావు. వమన విరేచనాల అనంతరం సంసర్జన క్రమం పాటించాలని చరకుడు విధించాడు. మొదట పేయ, అనగా పలుచని గంజి. తరువాత విలేపి, అనగా చిక్కని జావ. ఆపై ఉప్పు, నేయి లేని పెసరకట్టు, పిదప అవి చేర్చిన కట్టు, చివరకు అన్నం. నిప్పురవ్వకు గడ్డిపరక, పిడక అందించి పెంచినట్లే జఠరాగ్నిని పెంచాలన్నది ప్రాచీనుల ఉపమానం. షేకులు శోధన చికిత్స కాకపోయినా, సూత్రం ఇక్కడా వర్తిస్తుంది.

మరొక ముఖ్య విషయం. స్థూలునికి గురువైనదీ, అపతర్పణమైనదీ అయిన ఆహారం ఇవ్వాలని చరకుడు చెప్పాడు. అనగా కడుపులో నిలకడగా ఉండాలి, ఒంటికి కొవ్వు పట్టించరాదు. యవలు, కొర్రలు, ఆరికెలు, జొన్నలు, పెసలు, ఉలవలు, ఉసిరిక ఆ కోవలోనివి. నమిలి తినే ఈ ఆహారం ఇచ్చే తృప్తి త్రాగే పదార్థం ఇవ్వజాలదు. కనుక ఏనాటికైనా పళ్లెం వద్దకు రావలసిందే.

ఆచరణ ఇలా ఉండవచ్చు. అగ్ని బలంగా ఉండే మధ్యాహ్నపు పూటను ముందుగా మార్చండి. తక్కిన పూటలు షేకులే. మొదటి వారం కొర్రల జావ, పెసరకట్టు. రెండవ వారం గుప్పెడు కొర్రల అన్నం, చిక్కని పప్పు, పొట్ల లేక బీరకాయ కూర, వెన్న తీసిన మజ్జిగ. మూడు, నాలుగు వారాలలో రాత్రి పూట జొన్నరొట్టె, కూర, ప్రొద్దుపోకముందే తినాలి. ఐదు, ఆరు వారాలలో ఉదయం నూనె తక్కువగా వేసిన పెసరట్టు. పీచు పెరిగే కొద్దీ నీరు కూడా పెంచండి. లేనిచో మలబద్ధకం బాధిస్తుంది. వారానికొకసారి తూకం చూసుకొని, 2 కిలోలు మించి పెరిగితే కొన్నాళ్లు ఒక పూట షేకుకు మరలండి.

మధుమేహానికి మాత్రలు లేక ఇన్సులిన్ వాడేవారు, రక్తపోటు మందులు తీసుకొనేవారు, మూత్రపిండ వ్యాధిగ్రస్తులు వైద్యుని పర్యవేక్షణ లేకుండా ఈ మార్గం త్రొక్కరాదు. ఆహారం తగ్గించి మందు తగ్గించకపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. గర్భిణులు, బాలింతలు అసలు పూనుకోరాదు.

తక్కినవారికి నా మనవి ఒక్కటే. పొడి డబ్బా కొనే నాడే, అది ముగిసిన తరువాతి ఆరు వారాల భోజనాన్ని కాగితం మీద వ్రాసి వంటింటిలో అంటించుకొనండి. అది వ్రాయలేని వారు డబ్బా కొనకపోవడమే మేలు.